ఒకటిన్నర లడ్డూ సందు

ఎముకల డాక్టర్లకి కొరత అని ఎవరైనా అంటే నమ్మకండి. ఏ ఫంక్షన్ హాల్లోనైనా రెండో బంతి లేచాక చూడండి, వరసకి నలుగురు కుర్చీల్లో వెనక్కి వాలి, పళ్లలో పుల్ల పెట్టుకుని సిద్ధంగా ఉంటారు. టోకెన్ లేదు, ఫీజు లేదు, మీరు నోరు తెరిచి అడగక్కర్లేదు కూడా. మీ పిల్ల వాళ్ల ముందు నుంచి ఒక్కసారి పరిగెడితే చాలు.

మొన్న హైదరాబాద్ వనస్థలిపురంలో ఒక గృహప్రవేశంలో మా చెల్లెలి కూతురు అలాగే పరిగెత్తింది. మూడున్నరేళ్లది. ఐస్‌క్రీం కోసం పరిగెత్తింది, అంతకుమించి దురుద్దేశం ఏమీ లేదు.

"ఏమే, పిల్లకి మోకాళ్లు రాసుకుంటున్నాయి, చూసుకోవద్దూ?" అన్నారు మా చెల్లెలి పెద్దత్తగారు, హాల్లో సగం మందికి వినపడేలా.

"అదేం లేదండీ అత్తయ్యా, బానే నడుస్తోంది," అంది మా చెల్లెలు. అనకుండా ఉండాల్సింది. ఇలాంటి చోట డిఫెన్స్ లాయరు నోరు విప్పితే కేసు ఇంకా బిగుస్తుంది.

వెంటనే బోర్డు కూర్చుంది. వాకర్‌లో నడిపించారా? డైపర్లు ఎక్కువ వేశారా? ఆపరేషన్ చేసి తీశారా? కాళ్లు వెనక్కి మడిచి కూర్చుంటుందా? సెల్లు చూస్తుందా? సెల్లుకీ మోకాలికీ ఏంటి సంబంధం అని అడగబోయి ఊరుకున్నాను, ఎందుకంటే ఈమధ్య ఏ రోగానికైనా సెల్లు పేరు ఒకసారి చెప్పకపోతే వైద్యం పూర్తయినట్టు కాదు. ఈలోగా ఒక బాబాయిగారు లేచారు. కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు, కాబట్టి ఎక్కడ లైను వంకర పోయినా ఆయన కంటికి కనపడాల్సిందే. పాపని గోడకి ఆనించి నిలబెట్టారు. మోకాళ్లు రెండూ ఆనించమన్నారు. చీలమండల మధ్య ఎంత సందుందో చూడాలి, టేపు ఎవరి దగ్గరా లేదు. విస్తట్లో మిగిలిన లడ్డూ ఉంది. ఒక లడ్డూ పట్టింది. రెండోది సగం పట్టింది. "ఒకటిన్నర!" అని ప్రకటించారు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందన్నంత గంభీరంగా. ఒకావిడ "అయ్యో, ఆడపిల్ల కూడానూ" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాప వంగి లడ్డూ తీసుకుని తినేసింది. దాంతో ఉన్న ఒక్క సాక్ష్యమూ పోయింది గానీ తీర్పు మాత్రం మారలేదు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇంకోటుంది. రెండేళ్ల కిందట ఇదే పెద్దత్తగారు ఇదే పిల్లని ఉయ్యాల్లోంచి ఎత్తుకుని "దొడ్డికాళ్లు, నూనె రాసి లాగండి" అన్నారు. అంటే అప్పుడు కాళ్లు బయటికి వంగాయని నేరం, ఇప్పుడు లోపలికి వంగాయని నేరం. పాపం ఆ పిల్ల చేసిందల్లా ఏంటంటే, అచ్చం పుస్తకంలో రాసినట్టు పెరగడం. పుట్టినప్పుడు పిల్లలందరి కాళ్లూ కాస్త దొడ్డిగానే ఉంటాయి. రెండేళ్లకి నిటారవుతాయి, అక్కడ ఆగకుండా లోపలికి తిరిగి మూడు నాలుగేళ్లకి మోకాళ్లు బాగా దగ్గరవుతాయి, ఏడెనిమిదేళ్లకల్లా వాటంతటవే సర్దుకుంటాయి. సర్దుకున్నాక కూడా కొద్దిపాటి వంపు ఉంటుంది, పెద్దత్తగారికీ ఉంది, చీర అడ్డం కాబట్టి బోర్డు ముందుకి రాలేదు.

సరే, మా బావగారు ఒత్తిడి తట్టుకోలేక బూట్లు కొనేశారు. లోపలివైపు మడమ ఎత్తుగా, ఇటుకంత బరువుగా ఉంటాయి, నాలుగు వేలు. షాపతను "మూడేళ్లు వాడండి, గ్యారంటీ" అన్నాడట. ఎందుకివ్వడండీ గ్యారంటీ? బూట్లు వేసినా, వెయ్యకపోయినా, అటకమీద పడేసినా మూడేళ్లు గడిచేసరికి ఆ పిల్ల కాళ్లు చాలావరకు సర్దుకుంటాయి. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మకి పాపం వ్యాపారం తెలీదు, తెలిస్తే తెల్లవారుజాముకి ఆవిడా గ్యారంటీ కార్డు ఇచ్చేది.

తర్వాత అసలు డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన పాప ఎత్తు కొలిచాడు, బరువు చూశాడు, మణికట్లు తడిమాడు, అటూ ఇటూ నడిపించాడు. మోకాలి చిప్పలు ఎదురుగా ఉండేలా నిలబెట్టి చీలమండల మధ్య టేపు పెట్టాడు, లైన్ ఇన్‌స్పెక్టర్ పద్ధతే, లడ్డూ ఒక్కటే తేడా. ఐదు సెంటీమీటర్లు. రెండు కాళ్లూ ఒకేలా ఉన్నాయి, నొప్పి లేదు, ఎత్తు వయసుకి తగ్గట్టుంది. "ఏం అక్కర్లేదు, ఫొటో తీసి పెట్టుకోండి, ఆరు నెలలకి చూద్దాం" అన్నాడు. ఇంటికొచ్చాక అందరి మొహాలూ మాడిపోయాయి. ఎక్స్‌రే కూడా తియ్యలేదు, అదేం డాక్టరు?

ఆయన దేనికి భయపడాలో కూడా చెప్పాడు. ఒక కాలే వంగితే, ఏడెనిమిదేళ్లు దాటినా తగ్గకపోతే, సందు 8 సెంటీమీటర్లు దాటి పెరుగుతూ పోతే, పిల్ల పొట్టిగా ఉండిపోతే, కుంటితే, నొప్పంటే. అప్పుడు నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా ఎక్స్‌రే, రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, విటమిన్ డి పరీక్షలు. ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బయితే మందులుంటాయి. ఎముక ఇంకా పెరిగే వయసులోనే అయితే మోకాలి లోపలివైపు రెండు స్క్రూలతో చిన్న ప్లేటు బిగిస్తారు, అటువైపు పెరుగుదల నెమ్మదిస్తుంది, బయటివైపు పెరిగి కాలు నిటారవుతుంది, అవ్వగానే ప్లేటు తీసేస్తారు. ఎదుగుదల ఆగిపోయాక అయితే ఎముక కోసి సరిచెయ్యడమే.

ఇదంతా విని బయటికొస్తుంటే నాకు ఒళ్లు మండింది, మా పాప గురించి కాదు. వనస్థలిపురం నుంచి విజయవాడ రోడ్డు మీద కాస్త దూరం పోతే నల్గొండ పాత జిల్లా మొదలవుతుంది. అక్కడ మర్రిగూడ, మునుగోడు ఊళ్లల్లో పిల్లల మోకాళ్లు ఎవరి కంటా పడలేదా? నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటే, దానికి ఎన్నో రెట్లున్న బోరు నీళ్లు తరాల తరబడి తాగారు. పళ్లు గారపట్టాయి, నడుములు బిగుసుకుపోయాయి, ఎదిగే పిల్లల మోకాళ్లు వంగిపోయాయి. ఎవరికీ తెలీక కాదు. నెల్లూరు జిల్లాలో ఈ ఫ్లోరైడ్ జబ్బు, అంటే ఫ్లోరోసిస్ గురించి డాక్టర్లు 1937లోనే రాశారు. ఫ్లోరైడ్ ఊళ్లలో ఇలా మోకాళ్లు వంగడం గురించి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1973లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. పటికా సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారు, ఆ పేరు దేశదేశాల పుస్తకాలకెక్కింది, నల్గొండ మాత్రం ఆ నీళ్లే తాగింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో కడుపుమండి 480 మంది పోటీలో నిలబడ్డారు, బ్యాలెట్ పేపరు పుస్తకమై కూర్చుంది, ఎన్నికే వాయిదా పడింది. అప్పుడు గానీ ఢిల్లీకి దాహం సంగతి వినపడలేదు. ఇప్పుడు పైపుల్లో కృష్ణా నీళ్లొస్తున్నాయి, నిజమే, సంతోషమే. అప్పటికే వంగిన ఎముకని ఏ పైపు నిటారు చేస్తుంది?

పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్ తీసి అనర్హతల పేరా చదవండి. మోకాళ్లు తగలకూడదు, పాదం చదునుగా ఉండకూడదు. అంటే సర్కారు బోరు నీళ్లు తాగి మోకాళ్లు వంగిన కుర్రాడు వస్తే, సర్కారే నిలబెట్టి చూసి, నీ మోకాళ్లు బాలేవు పో అంటుందన్నమాట! సిగ్గుండక్కర్లేదా? ఐదు సెంటీమీటర్ల ఆరోగ్యమైన సందుకి హాలంతా లేచి నిలబడింది. ఆ పిల్లల కోసం ఏ బాబాయిగారూ విస్తట్లోంచి లడ్డూ తియ్యలేదు.

నిన్న పెద్దత్తగారు ఫోన్ చేశారు, బూట్లు వేస్తున్నారా అని. వేస్తున్నామండీ అంది మా చెల్లెలు. ఒకదాంట్లో కుక్కపిల్ల బొమ్మ, రెండోదాంట్లో ఏనుగు పడుకుంటున్నాయి.