గుర్రం మాస్టారి మీద ఫిర్యాదు

చదువుకోకపోతే గాడిదలు కాచుకోవాల్సి వస్తుందని బెదిరించి పెంచారు మమ్మల్ని. ఆ బెదిరింపులో ఒక స్పష్టత ఉండేది. చదువు ఇటు, జంతువు అటు, మధ్యలో బెత్తం. మా మేనల్లుడి విషయంలో ఈ ఏర్పాటంతా తలకిందులైంది. వాడికి పదిహేనేళ్ళు. బడి మానిపించి ఇంట్లోనే చదివిస్తున్నారు. పొద్దున రెండు గంటలు ట్యూషన్ టీచర్ వచ్చి లెక్కలు, సైన్సు, వ్యాసాలు రాయడం నేర్పుతుంది. ఆ తర్వాత వాడు గుర్రపుశాలకు పోతాడు. ఆటవిడుపు కాదు, అదీ చదువేనట. వారంలో మూడు రోజులు టీచర్ కూడా వెంట వెళ్తుందట.

బాధ్యత గల మేనమామగా విచారణకు నేనే బయల్దేరాను. నన్నెవరూ నియమించలేదు. ఇలాంటి పదవులకు మనల్ని మనమే నియమించుకోవాలి.

మొదటి అభ్యంతరం అర్హతల గురించి. ఆ గుర్రానికి డిగ్రీ లేదు. వయసు ఎంతని అడిగితే మావాడు పళ్ళు చూసి అంచనా వేయొచ్చన్నాడు. మా రోజుల్లో మాస్టారి పళ్ళు కనపడాలంటే ఆయన నవ్వాలి, అది జరిగే పని కాదు. పనీపాటా లేనివాణ్ణి 'గుడ్డిగుర్రానికి పళ్ళు తోముతున్నావా' అని అడగడం మనకు అలవాటు కదా. తీరా చూస్తే గుర్రం పళ్ళు దాదాపు జీవితమంతా పైకి వస్తూనే ఉంటాయట. మేత నమిలి నమిలి అంచులు పదునెక్కి బుగ్గల్ని కోస్తాయట. అందుకని పశువైద్యుడు ఏడాదికోసారైనా చూసి ఆకురాయితో అరగదీస్తాడట. అంటే అది నిజంగానే ఒక ఉద్యోగం. నా దగ్గరున్న మంచి ఎత్తిపొడుపు ఒకటి ఆ రోజుతో చెల్లకుండా పోయింది.

రెండో అభ్యంతరం క్రమశిక్షణ. గుర్రానికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల చుట్టూ ఇంచుమించు 350 డిగ్రీల మేర కనిపిస్తుంది. కనపడనివి రెండే చోట్లు: ముక్కు ముందు కొంచెం, తోక వెనక కొంచెం. మా మాస్టార్లకు కూడా వెనక బెంచీ కనపడేది కాదు. మా తరంలో సగం మంది ఆ చీకట్లోనే ఎదిగి పెద్దవాళ్ళయ్యాం. ఇక్కడ వెనక బెంచీలో చేరినవాడికి దక్కేది నిద్ర కాదు, తన్ను. అందుకే మావాడు భుజం వైపు నుంచి, ముందుగా మాట్లాడుతూ, నిదానంగా దగ్గరికెళ్తాడు. తలకు హెల్మెట్, కాళ్ళకు గట్టి బూట్లు. తాడు ఎన్నడూ చేతికి చుట్టుకోడు, గుర్రం బెదిరి లంఘిస్తే చెయ్యి కూడా దానితోనే పోతుంది గనక. ఈ నియమాలు గోడ మీద రాసి లేవు. అయినా పాటిస్తున్నాడు. రాసిపెట్టిన నియమాలకే ఖాతరు లేని కుర్రాడు ఇలా మారడం నాకు అనుమానంగా తోచింది.

ఇక సిలబస్. ఇక్కడే నాకు అసలు కోపం వచ్చింది. గుర్రాన్ని మామూలు తూకం మీద నిలబెట్టడం కుదరదు కాబట్టి బరువును టేపుతో అంచనా వేస్తారు. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత తీసుకుని దాన్ని దానితోనే హెచ్చించి, భుజం మొన నుంచి పిరుదు చివర దాకా ఉన్న పొడవుతో మళ్ళీ హెచ్చించి, 11,880తో భాగిస్తారు. కొలతలు సెంటీమీటర్లలో ఉంటే జవాబు కిలోల్లో వస్తుంది. మావాడు మొదటిసారి టేపు వదులుగా పట్టుకుని చుట్టుకొలత 190 అని రాశాడు. పొడవు 165. గుర్రం 501 కిలోలు తూగింది. టీచర్ ఏమీ అనకుండా మళ్ళీ కొలవమంది. ఈసారి 180. బరువు సరిగ్గా 450 కిలోలు.

పది సెంటీమీటర్ల తేడాకు యాభై కిలోలు ఎలా పోయాయని అడిగిందట ఆవిడ. వాడు నేల మీద పుల్లతో లెక్క వేస్తూ అరగంట కూర్చున్నాడు. వర్గం చేసినప్పుడు తప్పు కూడా దాదాపు రెట్టింపవుతుందని తనే కనుక్కున్నాడు. అరగంట! ఆ అరగంటలో ఇరవై ఆబ్జెక్టివ్ ప్రశ్నలు చేయొచ్చు. పైగా ఆ తప్పుకు మార్కులేమీ పోలేదు. పోయేదల్లా నట్టల మందు మోతాదేనట. బరువును బట్టి మందు, తక్కువ పోస్తే నట్టలు చావకపోగా మందుకే అలవాటు పడతాయి. ఎర్ర సిరా లేకుండా తప్పు ఎలా తెలుస్తుందని నేనడిగితే, టీచర్ గుర్రం వైపు చూసింది.

ఒక్క విషయంలో నాకు ఊరట దొరికింది. గుర్రం హోమ్‌వర్క్ ఇవ్వదేమో అనుకున్నాను. ఇస్తుంది. రోజుకు ఇరవై కిలోల పైచిలుకు. బరువులో ఇంచుమించు రెండు శాతం మేత, అంటే తొమ్మిది కిలోల ఎండుగడ్డి ఇటు వేస్తే, నీళ్ళతో కలిసి లద్ది రూపంలో అటు వస్తుంది. పారతో ఎత్తి తోపుడుబండిలో వేసి పోయాలి. కుక్క తినేసిందని చెప్పడానికి వీల్లేని హోమ్‌వర్క్ నేను చూడటం ఇదే మొదలు.

ఆ లద్ది కూడా పాఠమేనట. గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి వెళ్ళింది అటే ముందుకు పోవాలి తప్ప వెనక్కి రాదు. అందుకే దానికి కడుపునొప్పి వస్తే ప్రాణం మీదికి వస్తుంది. లద్ది తగ్గినా, మేత ముట్టకపోయినా, పొట్ట వైపు తిరిగి తిరిగి చూసుకుంటున్నా వెంటనే డాక్టర్‌కు కబురు చేయాలి. మావాడు రోజూ దవడ కింద వేలు పెట్టి నాడి చూస్తాడు. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తాడు. నెమ్మదిగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 దాకా ఉండాలి. పదిహేను సెకన్ల పాటు ఒక టీనేజ్ కుర్రాడు ఫోన్ చూడకుండా, మాట్లాడకుండా, కదలకుండా నిలబడటం నా కళ్ళతో చూశాను. వాడికి జ్వరమేమోనని వాడి నాడి కూడా చూడబోయాను.

ఇంటి చదువుకూ గుర్రానికీ ఉన్న సంబంధం కొత్తది కాదని చెప్పి నా పాండిత్యం చాటుకోవాలి. చరిత్రలో బాగా పేరు మోసిన ఇంటి విద్యార్థి ఒక గుర్రం. పేరు హాన్స్. బెర్లిన్‌లో విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే రిటైరైన లెక్కల మాస్టారు దాన్ని తన వాకిట్లోనే కూర్చోబెట్టి, అంటే నిలబెట్టి, చదువు చెప్పాడు. కూడికలు, భిన్నాలు, తేదీలు ఏవి అడిగినా గిట్టతో నేల మీద తాటించి జవాబు చెప్పేది. 1904లో పెద్దలంతా కమిటీగా వచ్చి పరీక్షించి మోసమేమీ లేదని తేల్చారు. తర్వాత ఆస్కార్ ఫుంగ్స్ట్ అనే ఆయన ఓపిగ్గా పరీక్షలు పెట్టి 1907లో అసలు సంగతి బయటపెట్టాడు. అడిగేవాడికి జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలియదు. అడిగేవాడు కనపడకపోయినా తెలియదు. సరైన అంకె దగ్గరికి రాగానే అడిగేవాడి తల, భంగిమ తెలియకుండానే కాస్త కదిలేవి. ఆ కదలిక చూసి గుర్రం ఆగిపోయేది. దానికి లెక్కలు రావు, మాస్టారు వచ్చు.

ఈ కథ విన్నాక మా టీచరమ్మ మావాడికి ఎదురుగా కూర్చోవడం మానేసిందట. వాడు జవాబు సగం చెప్పి ఆమె కనుబొమలు చూసి మిగతా సగం సరిచేసుకునేవాడట. ఇప్పుడు పక్కన కూర్చుని కాగితం వైపే చూస్తుంది. ఒక్కో పిల్లవాడికి ఒక్కో టీచర్ ఉంటే వచ్చే తంటా ఇదే, కనుబొమలు మరీ దగ్గరగా ఉంటాయి. నాకిది వ్యక్తిగతంగా తగిలింది. నా చదువంతా కనుబొమల మీదే సాగింది. ఉద్యోగం కూడా.

బంధువుల్లో దీనికి వ్యతిరేకులే కాదు, భక్తులూ ఉన్నారు. వాళ్ళు ఇంకో రకం ప్రమాదం. గుర్రం పక్కన నిలబెడితే చాలు నాయకత్వం, ఆత్మవిశ్వాసం, భావోద్వేగ వికాసం కుర్రాడికి వాటంతటవే అంటుకుంటాయంటారు, గజ్జిలాగా. టీచర్ ప్రశ్న వేయకపోతే అక్కడున్నది టేపు, గుర్రం, లద్ది మాత్రమేనని ఎవరూ చెప్పరు. వీళ్ళ కోసమే నేను కొన్ని సంస్కరణలు తయారుచేశాను. గుర్రానికి నలభై అయిదు నిమిషాలకోసారి గంట కొట్టాలి. నాలుగు గిట్టలకు ఎ, బి, సి, డి అని రంగులు వేయాలి. మూడు నెలలకోసారి గుర్రంతో తల్లిదండ్రుల సమావేశం జరపాలి. అది ఏమీ చెప్పకపోయినా ఫర్వాలేదు, అలాంటి సమావేశాలు నేను చాలా చూశాను.

ఆ చివరి దాని విషయంలో మాత్రం నిజంగానే బాధ ఉంది. బడిలో చివరి రెండేళ్ళు నోరు విప్పని కుర్రాడు గుర్రానికి మాలీసు చేస్తూ గంటసేపు గొణుగుతూనే ఉంటాడు. ఏం చెప్పుకుంటాడో మా అక్కకు తెలియదు, టీచర్‌కు తెలియదు. గుర్రం ప్రోగ్రెస్ రిపోర్ట్ పంపదు. అంత సమాచారం ఒక్క జంతువు దగ్గర పోగుపడటం ఏ వ్యవస్థకైనా మంచిది కాదు.

ఇవన్నీ కాగితం మీద పెట్టి గుర్రానికే చదివి వినిపిద్దామని సరిగ్గా దాని ముక్కు ముందు నిలబడ్డాను.

"మామయ్యా, అక్కడ నిలబడితే నువ్వు దానికి కనపడవు. ఇటు భుజం దగ్గరికి రా" అన్నాడు మావాడు.

వచ్చాను. తాడు నా చేతికిచ్చి నాలుగడుగులు నడిపించమన్నాడు. లాగాను. 450 కిలోలు కదల్లేదు. గట్టిగా లాగాను. నా చదువు, నా సర్వీసు, మేనమామ హోదా అన్నీ ఆ తాడులోనే పెట్టి లాగాను.

"దాని మొహంలోకి చూస్తూ లాగకు. నువ్వెటు పోవాలో అటు చూసి నడువు."

చూసి నడిచాను. వెనకే గిట్టల చప్పుడు వినిపించింది. ఆవరణ చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి మావాడు తోపుడుబండి పక్కన పార పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇదేమిట్రా?"

"హోమ్‌వర్క్" అన్నాడు. కాగితం జేబులో పెట్టి పార అందుకున్నాను.