సవరణ: జపాన్ డిస్కులు, రీజియన్ కోడ్

రీజియన్ కోడ్ అంటే ఏ ప్రాంతపు డిస్కు ఆ ప్రాంతపు ప్లేయర్‌లోనే ఆడేలా పెట్టే లాక్. అనిమే (జపాన్ యానిమేషన్) సేకరణ గురించిన పాత పోస్టులో "జపాన్ డీవీడీ, బ్లూరే రెండూ రీజియన్ 2" అని ఉంది. అది డీవీడీకే సరి. బ్లూరేకి అంకెలుండవు, అక్షరాలే: జపాన్, అమెరికాలకు ఎ, మనకు సి. అందుకే బెజవాడలో కొన్న మామూలు ప్లేయర్‌లో జపాన్ నుంచి తెప్పించిన, లాక్ ఉన్న బ్లూరే ఆడదు. 4కె బ్లూరే డిస్కులకు ఈ బెడద లేదు, 4కె ప్లేయర్ ఉంటే అవే కొనండి. పెట్టెలో జతగా వచ్చే మామూలు బ్లూరేకి మాత్రం లాక్ ఉండొచ్చు.

ఇంకోటి, ఇది ముఖ్యం. కంప్యూటర్ డీవీడీ డ్రైవ్‌లో రీజియన్ "ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు" అన్న మాట కొట్టేయండి. ఐదుసార్లే. ఐదోసారి పెట్టిందే ఖాయమైపోతుంది. ఆ లెక్క డ్రైవ్‌లోనే ఉంటుంది కాబట్టి విండోస్ మళ్లీ వేసినా మారదు. మన డిస్కులు రీజియన్ 5 గనక, జపాన్ డీవీడీల కోసం పాత డ్రైవ్ ఒకటి విడిగా 2లో పెట్టి ఉంచుకోవడం మేలు.