పదిహేను రోజుల కారు ఇన్సూరెన్స్ ఎక్కడ అమ్ముతున్నారు?

సంక్రాంతికి నెల ముందు నుంచీ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రెండు రకాల మెసేజ్‌లు తిరుగుతాయి. ఒకటి పంతంగి టోల్‌గేట్ దగ్గర ఏ టైముకి రద్దీ తక్కువుంటుందో చెప్పేది. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. రెండోది కారు ఇన్సూరెన్స్ మీద డబ్బులు మిగిల్చే ఉపాయం. ఈసారి దాన్ని మూడో అంతస్తు అన్న పెట్టాడు. రెండు గంటల్లో పద్నాలుగు బొటనవేళ్లు లేచాయి. చాలా ఏళ్లు మోటార్ క్లెయిములు చూసిన చేత్తో ఆ బొటనవేలు పెట్టలేక ఇది రాస్తున్నాను.

మెసేజ్‌లో ఉన్నది ఇదీ: "ఏడాదికి రెండు మూడుసార్లు ఊరికి తప్ప కారు తీయనివాళ్లు ఏడాది పాలసీ కట్టడం దండగ. ప్రయాణానికి ముందు 15 రోజుల టెంపరరీ ఇన్సూరెన్స్ తీసుకుంటే చాలు. ఫ్రెండ్ కారు నడిపితే మీ పేరు మీద టెంపరరీ పాలసీ ఉండాలి. పార్కింగ్‌లో ఉన్న కారుకి ఇన్సూరెన్స్ అక్కర్లేదు. పాలసీ అయిపోయినా 30 రోజులు గ్రేస్ ఉంటుంది. ఐడీవీ తగ్గిస్తే ప్రీమియం సగం. ఇవేవీ ఏజెంట్లు చెప్పరు." కింద ఒక లింకు.

"15 రోజులకి తీసుకుంటే చాలు"

మన దేశంలో సొంత కారుకి థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి చట్టం తప్పనిసరి చేసిన) కవర్‌ని రోజుల లెక్కన అమ్మరు. కనీసం ఏడాది. కొత్త కారయితే 2018 సెప్టెంబర్ 1 నుంచి ఏకంగా మూడేళ్లది కొనాల్సిందే. కారు కొని మూడేళ్లు నిండనివాళ్లు ఆ డబ్బు షోరూంలోనే కట్టేసి ఉంటారు. ఇక వాళ్లు మిగుల్చుకునేది ఏముంది?

రేటు కూడా కంపెనీ ఇష్టం కాదు. ప్రభుత్వం నోటిఫై చేస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన పట్టికలో 1,000 సీసీ దాకా 2,094 రూపాయలు, 1,000 నుంచి 1,500 సీసీకి 3,416, ఆ పైన 7,897. దీనికి 18 శాతం జీఎస్టీ కలుస్తుంది. మూడో అంతస్తు అన్నది 1,197 సీసీ బండి. పన్నుతో కలిపి 4,031 రూపాయలు, అంటే రోజుకి పదకొండు. పెద్ద కంపెనీ అయినా, చిన్న కంపెనీ అయినా ఇంతే.

ఒకప్పుడు చిన్నకాలపు రేట్లు ఉండేవన్నది నిజమే. 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్‌లో ఆ పట్టిక ఉంది. నెల లోపు కవర్‌కి ఏడాది ప్రీమియంలో 20 శాతం. రెండు నెలలకి 30, మూడు నెలలకి 40. ఎనిమిది నెలలు దాటితే పూర్తి ఏడాదిది. అంటే 15 రోజులకి తీసుకున్నా 73 రోజుల డబ్బు కట్టాల్సి వచ్చేది. సంక్రాంతికి ఒకసారి, వేసవి సెలవులకి ఒకసారి, దసరాకి ఒకసారి తీసుకుంటే నెలన్నర తిరుగుడికి ఏడాది ప్రీమియంలో అరవై శాతం వదిలిపోయేది. విడిగా కొంటే ఎప్పుడూ రేటెక్కువే. కిరాణా కొట్టు లెక్క తెలిసినవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు.

"మరి మా నాన్నగారి రోజుల్లో టెంపరరీ ఇన్సూరెన్స్ కాగితం ఇచ్చేవారు కదా?" అని ఒకావిడ గ్రూపులో అడిగింది. అది కవర్ నోట్. అసలు పాలసీ బ్రాంచి నుంచి అచ్చయి వచ్చేలోపు చేతికిచ్చే చీటీ. దాని గడువు 60 రోజులు. ఆలోగా కంపెనీ అసలు పాలసీ ఇవ్వాలి. ఆ కాగితం తాత్కాలికం, కవర్ మాత్రం ఏడాదిదే. కొత్త బండికి వేసే టీఆర్ నంబరుతోనూ ఇదే గందరగోళం. టీఆర్ అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్, అంతే. బండి షోరూం గేటు దాటేసరికే ఇన్సూరెన్స్ ఉండాలి.

"ఫ్రెండ్ కారు నడిపితే మీ పేరు మీద పాలసీ"

ఈ ముక్క మన గడ్డ మీద పుట్టింది కాదు. మా బావమరిది లెస్టర్‌లో చదువుకుంటున్నాడు. పోయినేడాది ఫోన్ చేసి, "బావా, శని ఆదివారాలకి ఫ్రెండ్ కారు తీసుకున్నా. రెండు రోజులకి ఇన్సూరెన్స్ ఫోన్లోనే కొనేశా. మన దగ్గర ఎందుకు లేదు ఇలాంటిది?" అన్నాడు. బ్రిటన్‌లో అది అవసరం. అక్కడ పాలసీలో పేరున్న డ్రైవర్లకే సాధారణంగా కవర్ ఉంటుంది. పేరు లేనివాడు బండి తీసుకుంటే గంట నుంచి కొన్ని వారాల దాకా విడిగా కొనుక్కోవచ్చు. యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టని ఏళ్లకి ప్రీమియంలో వచ్చే తగ్గింపు) జోలికి పోకుండా పని జరుగుతుంది.

మన దగ్గర ఇన్సూరెన్స్ బండిని అంటిపెట్టుకుని ఉంటుంది. యజమాని అనుమతితో, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్నవాళ్లు ఎవరు నడిపినా ఆ బండి పాలసీయే వర్తిస్తుంది. కాబట్టి మనవాళ్ల కారు తీసుకుని అన్నవరం వెళ్లొస్తే మీరు కొనాల్సింది ఏమీ లేదు. తాళం తీసుకునేముందు పాలసీ తేదీ ఒకసారి చూసుకోండి, అది చాలు.

చూడాల్సినవి ఇంకో రెండున్నాయి. వాటిని ఏ ఫార్వర్డూ చెప్పదు. పాలసీలో ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఆర్‌సీలో పేరున్న యజమానికే. నడుపుతున్న మీకు కాదు. రెండోది ఇంకా పెద్దది. ఆ కారుకి ఉత్త థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే, ఎదుటివాళ్లకి పరిహారం వస్తుంది గానీ మీ కారులోనే కూర్చున్న అత్తగారికి, పిల్లలకి ఆ పాలసీ భరోసా ఉండదు. ప్యాకేజీ పాలసీ, అంటే మనం కాంప్రహెన్సివ్ అనేది అయితే కారులో ఉన్నవాళ్లకీ వర్తిస్తుంది. ఐదుగురిని ఎక్కించుకుని ఊరెళ్లేవాడికి ఈ తేడా తెలియాలి.

వైట్ బోర్డు కారుని, అంటే సొంత వాడకం బండిని, తెలిసినాయన దగ్గర రోజుకింత అని అద్దెకి తీసుకుంటే మాత్రం పై మాటలు మర్చిపోండి. సొంత వాడకం పాలసీలో అద్దెకిచ్చే వీలు లేదని స్పష్టంగా రాసి ఉంటుంది. సెల్ఫ్ డ్రైవ్‌కి నల్ల ప్లేటు మీద పసుపు అంకెలున్న బండ్లు వేరే ఉన్నాయి.

"పార్కింగ్‌లో ఉన్న కారుకి అక్కర్లేదు"

ఇందులో ఒక చిటికెడు నిజం ఉంది. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ "బహిరంగ స్థలం"లో బండి వాడకం గురించే చెబుతుంది. మీ కాంపౌండు గేటు లోపల తాళం వేసి ఉన్న బండికి ఎవరూ జరిమానా వేయరు. కానీ కాలనీ రోడ్డు పక్కన పెట్టిన కారు బహిరంగ స్థలంలోనే ఉంది. హైదరాబాద్‌లో ఎన్ని కార్లకి గేటు లోపల చోటుందో మీకూ తెలుసు. రోడ్డెక్కించి దొరికితే మొదటిసారి 2,000, రెండోసారి 4,000 జరిమానా. జైలు కూడా వేయొచ్చు, మూడు నెలల దాకా. అది చిన్న విషయం. ప్రమాదంలో మనిషి పోతే ట్రిబ్యునల్ వేసే పరిహారానికి పై హద్దు లేదు. పాలసీ లేకపోతే ఆ మొత్తం కట్టడానికి యజమాని ఇల్లూ పొలమూ అమ్ముకోవాల్సి రావొచ్చు.

చట్టం సంగతి పక్కన పెట్టండి. నిలబడి ఉన్న కారుకి ఏమీ కాదన్నది అసలు తప్పు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు పాడైన కార్లలో ఎక్కువ భాగం ఎక్కడికీ వెళ్లలేదు. ఇళ్ల ముందే ఉన్నాయి. మునిగిన కారు దగ్గరికి వెళ్లి ముందు చూసేది నీటి గీత ఎక్కడిదాకా వచ్చిందన్నది. ఫ్లోర్ మ్యాట్ దాకానా, సీటు దాకానా, డాష్‌బోర్డు దాకానా. తర్వాత బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ లాగుతాం. ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే ఇంజిన్లోకి నీళ్లు వెళ్లినట్టే. అప్పుడు అడిగే ప్రశ్న ఒక్కటే: "తాళం తిప్పారా?" తిప్పకుండా టో చేయించినవాళ్లకి ప్యాకేజీ పాలసీలో క్లెయిమ్ నడుస్తుంది. నీళ్లలో ఉన్న బండిని స్టార్ట్ చేసి చూసినవాళ్ల ఇంజిన్ డ్యామేజీ, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేకపోతే, వాళ్ల నెత్తి మీదే. ఇక పాలసీయే లేనివాళ్లని అడగడానికి మాకు ప్రశ్నే ఉండదు.

ఇంకో మాట. 2011 నుంచి బ్రిటన్‌లో కూడా కారు వాడకుండా ఉంచితే ఇన్సూరెన్స్ అయినా ఉండాలి, రోడ్డెక్కించనని ప్రభుత్వానికి రాసి అయినా ఇవ్వాలి. అక్కడి సౌకర్యాన్ని అరువు తెచ్చుకున్న మెసేజ్ ఈ నియమాన్ని మాత్రం అక్కడే వదిలేసింది.

"30 రోజుల గ్రేస్"

ఇది నేను అన్నని నేరుగా అడిగాను, లిఫ్ట్ దగ్గర.

"అన్నా, మీ కారు పాలసీ ఎప్పటిదాకా ఉంది?"

"అయిపోయి ఇరవై నాలుగు రోజులైంది తమ్ముడూ. ఇంకా గ్రేస్‌లోనే ఉన్నాంలే."

లేరు. నెల రోజుల గ్రేస్ ఆరోగ్య బీమా మాట. కారు పాలసీ మీద ఉన్న చివరి తేదీ అర్ధరాత్రికి కవర్ ఆగిపోతుంది. ఇరవై నాలుగు రోజులుగా ఆ కారు ఏ పాలసీ లేకుండా స్కూలుకీ, మార్కెట్‌కీ తిరుగుతోంది.

గడువు దాటాక ఉండేది 90 రోజుల వెసులుబాటు. అది నో క్లెయిమ్ బోనస్ నిలబెట్టుకోవడానికే, కవర్‌కి కాదు. ఆ బోనస్ క్లెయిమ్ లేని ఏళ్లని బట్టి 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఓన్ డ్యామేజీ ప్రీమియం మీదే, అంటే మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగం మీదే వర్తిస్తుంది. అన్నకి నాలుగేళ్లుగా క్లెయిమ్ లేదు కాబట్టి 45 శాతం. ఓన్ డ్యామేజీ ప్రీమియం 8,000 అనుకుంటే, బోనస్ 3,600, దాని మీద జీఎస్టీతో కలిపి 4,248 రూపాయలు. ఏడాది థర్డ్ పార్టీ ఎగ్గొట్టి మిగుల్చుకునే 4,031 కంటే ఇదే ఎక్కువ. 90 రోజులు దాటనిస్తే మళ్లీ సున్నా నుంచి ఎక్కాలి.

గ్యాప్ వచ్చిన ప్యాకేజీ పాలసీని ఫోన్లో ఊరికే నొక్కి రెన్యూ చేసుకోవడం సాధారణంగా కుదరదు, తనిఖీ ఉంటుంది. ఇప్పుడు చాలావరకు వీడియో తీసి పంపమంటారు. మా రోజుల్లో ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకొచ్చేవాళ్లం. అప్పటికే ఉన్న సొట్టలు రాసుకుంటారు, వాటికి క్లెయిమ్ రాదు. అన్న కారు ఎడమ వెనక డోరు గీత ఇప్పుడు శాశ్వతంగా ఆ రికార్డులోకెక్కింది.

"ఐడీవీ తగ్గిస్తే ప్రీమియం సగం"

ఐడీవీ అంటే బండి దొంగతనమైనా, పూర్తిగా పాడైనా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. కాగితం మీద లెక్క వేద్దాం. అదే కారు. ధర 8 లక్షలు, నాలుగేళ్లు దాటాయి కాబట్టి 50 శాతం తరుగు పోను ఐడీవీ 4 లక్షలు. ఓన్ డ్యామేజీ 8,000లో బోనస్ పోతే 4,400. థర్డ్ పార్టీ 3,416 కలిపి, జీఎస్టీతో సుమారు 9,223. ఇప్పుడు ఐడీవీని 3 లక్షల 20 వేలకి దించండి. ఓన్ డ్యామేజీ 6,400 అవుతుంది. బోనస్, పన్ను అన్నీ పోను మిగిలేది 1,038 రూపాయలు, తొమ్మిదిలో ఒక వంతు. సగం ఎక్కడ? థర్డ్ పార్టీ భాగం కదలదు కదా. కారు దొంగ ఎత్తుకెళ్తే మాత్రం తక్కువొచ్చేది 80,000. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్, అంటే పూర్తిగా పోయినట్టే అంటారు. ఐడీవీ దించినప్పుడు ఆ గీత కూడా 3 లక్షల నుంచి 2 లక్షల 40 వేలకి దిగుతుంది. బాగుచేయించుకోదగ్గ బండి కూడా చేజారుతుంది.

"ఏజెంట్లు చెప్పరు"

ఇది మాత్రం కొంత నిజమే. నేను చెబుతాను.

తక్కువ తిరిగేవాళ్ల కోసం నిజంగానే ఒక దారి ఉంది. 2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ "తిరిగినంతకే కట్టు" తరహా యాడ్-ఆన్‌లకి అనుమతిచ్చింది. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే అని ముందే ఎంచుకుంటే ఓన్ డ్యామేజీ తగ్గుతుంది. ఒకే యజమానికి రెండు మూడు బండ్లుంటే కలిపి ఒకే పాలసీ తీసుకునే వీలూ అప్పుడే వచ్చింది. కిలోమీటర్లు అయిపోతే ఏ కవర్ ఆగుతుందో కొనేముందు చదవండి. కంపెనీకొక తీరుగా ఉంటుంది.

స్వచ్ఛంద మినహాయింపు ఇంకోటి. ప్రతి క్లెయిమ్‌లో మొదటి 5,000 నేనే పెట్టుకుంటానని ఒప్పుకుంటే, పాత టారిఫ్ లెక్కలో ఓన్ డ్యామేజీలో 25 శాతం, గరిష్ఠంగా 1,500 తగ్గుతుంది. చిన్న గీతలకి ఎలాగూ క్లెయిమ్ పెట్టనివాళ్లకి ఇది ఉత్తపుణ్యానికి వచ్చే తగ్గింపు. పెట్టకూడదు కూడా. బంపర్‌కి 4,000 బిల్లయితే తప్పనిసరి మినహాయింపు 1,000 పోను చేతికొచ్చేది మహా అయితే 3,000. క్లెయిమ్ పెట్టినందుకు అన్న లాంటివాళ్లకి పోయే బోనస్ 4,248.

కారు అమ్మేస్తుంటే బోనస్‌ని బండితో పంపేయకండి. అది మీది. కంపెనీ నుంచి ఉత్తరం తీసుకుంటే మూడేళ్ల లోపు కొనే కొత్త కారుకి వాడుకోవచ్చు. పదిహేనేళ్ల పాత బండయితే ఉత్త థర్డ్ పార్టీ పెట్టుకున్నా నేను కాదనను, కానీ వెనక సీట్లో కూర్చునేవాళ్ల గురించి పైన రాసింది గుర్తుపెట్టుకుని.

ఇక మెసేజ్ కింద ఉన్న లింకు. "499కే 15 రోజుల ఫుల్ కవర్." బండి నంబరు, ఫోన్ నంబరు అడిగి నేరుగా క్యూఆర్ కోడ్ చూపిస్తుంది. ఏ కంపెనీ పాలసీయో ఎక్కడా లేదు. గ్రూపులో ఇద్దరు అప్పటికే కట్టారట, మెయిల్‌కి పీడీఎఫ్ కూడా వచ్చిందట. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఇన్సూరెన్స్ గడి చూడమన్నాను. ఇద్దరిలో ఒకాయన స్క్రీన్‌షాట్ పెట్టాడు. పాత పాలసీ తేదీయే ఉంది, నవంబర్‌లో అయిపోయింది.