సవరణ: తాబేలు గుడ్ల తరలింపుపై రెండు తప్పులు, మరో పొరపాటు

ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్లపై మా గత పోస్టులో "గూడు దొరికిన రోజు ఎప్పుడైనా గుడ్లను హేచరీకి (గుడ్లను కాపాడి పొదిగించే చోటికి) మార్చవచ్చు, పిల్లలను తొట్టి నీళ్లలో ఉంచి తెల్లారాక వదలాలి" అని రాశాం. రెండు మాటలూ తప్పే. అలా చేస్తే పిల్లలు చనిపోతాయి.

తల్లి గుడ్లు పెట్టిన కొద్ది గంటల్లోనే, ఆరు గంటలు దాటకుండా తరలించాలి. ఆ తర్వాత పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. గుడ్డు అటూ ఇటూ దొర్లితే పొర చిరిగి పిండం చస్తుంది. పైకి మాత్రం గుడ్డు తెల్లగా బాగానే కనిపిస్తుంది. అందుకే జరిగిన నష్టం 45-60 రోజుల పొదుగు గడువు ముగిసేదాకా బయటపడదు. గుడ్లు పెట్టేది రాత్రి కాబట్టి, మధ్యాహ్నం కనబడిన గూడును కదపకండి, కుక్కలు తవ్వకుండా అక్కడే కంచె వేయండి.

హేచరీలో గుంట సుమారు 45 సెంటీమీటర్ల లోతు, తల్లి తవ్వినట్టే మెడ సన్నగా, అడుగు వెడల్పుగా ఉండాలి. నూరుకు పైగా గుడ్లుంటాయి మరి.

తొట్టిలో ఈదితే పిల్లల పొట్టలో మిగిలిన పచ్చసొన శక్తి సముద్రం చేరకముందే అయిపోతుంది. చీకట్లోనే, టార్చి ఆపి, నీటికి కొన్ని మీటర్ల ఇవతల వదిలి వాటినే నడవనివ్వండి.

ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు, చల్లబడితే మగపిల్లలు ఎక్కువ పుడతాయి. పోస్టులో ఇది తారుమారైంది. ఇక ఏ గుడ్డును ముట్టుకోవాలన్నా అటవీ శాఖ అనుమతి తప్పనిసరి: ఈ తాబేలు 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులోని (అత్యధిక రక్షణ ఉన్న జాబితాలోని) జీవి.