ముఖం పెట్టారంటే జామీను పడ్డట్టే

చండూరు దగ్గర చేన్లో మా పెద్దమ్మ పత్తి ఏరుతుంటే ఎవరో కుర్రాడు కెమెరాతో వచ్చి ఫోటో తీసుకుని పోయాడు. కొంగు నడుముకు చుట్టి, దోసిట్లో పత్తి పట్టుకుని నవ్వుతున్న ఫోటో. రెండేళ్లకు అదే ఫోటో ఓ పురుగుమందు కంపెనీ క్యాలెండర్ మీదికి ఎక్కి దుకాణాల్లో వేలాడింది. ఆ ఏడు గులాబీ రంగు పురుగు కాయల్ని తొలిచేసింది. ఎంత మందు కొట్టినా ఆగలేదు. "నీ బొమ్మ చూసే కదా కొన్నం" అంటూ ఆ మందు కొన్న రైతులు ఇంటి ముందుకొచ్చారు. "నేను ఆ డబ్బా మొఖమే చూడలే బిడ్డా" అందామె. సగం మంది నమ్మలేదు.

ఈ వ్యవహారంలో చట్టం ఎవరి పక్కన ఉందో చూడండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో తీసినవాడే దానికి మొదటి హక్కుదారు. డబ్బిచ్చి తీయించుకుంటేనే హక్కు మనది. 2012 సవరణ తర్వాత ఆ హక్కు అతను బతికున్నంత కాలం, ఆపైన మరో 60 ఏళ్లు ఉంటుంది. ఫోటోలో ఉన్న మనిషి గురించి ఆ చట్టంలో నేరుగా ఏమీ లేదు. అనుమతి లేకుండా ప్రకటనల్లో పేరు, రూపం వాడటం ప్రైవసీని కాలరాయడమేనని సుప్రీంకోర్టు 1994లోనే ఆర్.రాజగోపాల్ కేసులో చెప్పింది. కానీ ఆ మాట పట్టుకుని కోర్టు మెట్లెక్కేది ఎవరు? అమితాబ్ బచ్చన్ 2022లో, అనిల్ కపూర్ 2023లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి ఆర్డర్లు తెచ్చుకున్నారు. పత్తి కూలీకి చండూరు నుంచి నల్లగొండ కోర్టుకు పోయి రావాలంటేనే ఒక రోజు కూలి పోతుంది.

మన ఊళ్లలో జామీను ఎవరు పడ్డారన్నదాన్ని బట్టే అప్పు పుడుతుంది. ప్రకటనలో ముఖం చేసే పని కూడా అదే. తెలిసిన మనిషి నవ్వుతుంటే సరుకు మీద నమ్మకం కుదురుతుంది. అంటే కంపెనీ మా పెద్దమ్మను అడగకుండా ఊరందరికీ జామీను పెట్టింది. సరుకు దెబ్బతీస్తే మాట పడింది ఆమె, లాభం తిన్నది వాళ్లు. అడగకుండా ఎవరి పేరునైనా జామీను కాగితం మీద రాస్తే ఫోర్జరీ అంటాం. ముఖానికి మాత్రం ఆ లెక్క ఎందుకు లేదు?

అమెరికాలోనూ ఇదే జరిగింది. ఓ అమ్మాయి ఫోటోను అడగకుండా 25,000 పిండి పోస్టర్ల మీద వేస్తే, 1902లో న్యూయార్క్ కోర్టు ఆమెకు హక్కేం లేదంది. జనం మండిపడ్డారు. మరుసటి ఏడాదే, వ్యాపారానికి ముఖం వాడాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలని అక్కడ చట్టం వచ్చింది. అదీ 1903లో!

అడుగడుగునా సంతకాలంటే వార్తా ఫోటోగ్రఫీ చచ్చిపోతుందని ఫోటోగ్రాఫర్లు అంటారు. ఆ భయం అర్థమవుతుంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వంకర్లు పోయిన కాళ్ల ఫోటోలు రాకపోతే మన గోడు ఎవరికి పట్టేది? వార్తకు సంతకం అక్కర్లేదు, నేనూ అడగడం లేదు. అదే ఫోటోను వాటర్ ఫిల్టర్ అమ్మకానికి వాడితే మాత్రం అది వార్త కాదు.

అసలు బాధ ఇంకొకటుంది. మన జిల్లాల మనుషుల ముఖాలు అందరి సొత్తయిపోయాయి. పాలమూరు వలస కూలీ ముఖం ఎవరి కరపత్రం మీదనైనా ఉంటుంది, తండా ముసలమ్మ వెండి కడియాలు ఎవరి బ్రోచర్‌లోనైనా ఉంటాయి. 2018 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వ ప్రకటనల్లోనే కోదాడ వైపు పేద మహిళ ఫోటో వచ్చింది. ఒక ప్రకటనలో పక్కన ఆమె భర్త, ఇంకోదాంట్లో వేరే మగమనిషి! ఆ ఇంట్లో ఎంత టెన్షన్ పడి ఉంటారు?

కాబట్టి సర్కారే ముందు మొదలుపెట్టాలి. ప్రకటనలో ముఖం వేసే ముందు తెలుగులో ఒక కాగితం ఉండాలి. ఏ పనికి, ఎన్నేళ్లు, ఎంత డబ్బు అన్నది అందులో రాసి, చదువురాని వాళ్లకు చదివి వినిపించి, సాక్షి ముందు వేలిముద్ర తీసుకోవాలి. ఆ కాగితం చూపలేని ఏజెన్సీకి బిల్లు ఆపేయాలి. దీనికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు, ఒక్క జీవో చాలు.