పిల్లల షుగర్: అదుపు చేయాల్సిన కణాలే చేతులెత్తేస్తే

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో పదేళ్ల పిల్లకు షుగర్ వచ్చిందంటే ముందు తల్లినే నిలదీస్తారు. తీపి ఎక్కువ పెట్టావనో, కడుపుతో ఉన్నప్పుడు పథ్యం చేయలేదనో అంటారు. మొదటి రకం మధుమేహం విషయంలో ఈ నిందలు రెండూ చెల్లవు. పిల్ల ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన తెల్ల రక్తకణాలు, అంటే టి కణాలే, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను శత్రువులుగా భావించి చంపేస్తాయి.

కంచే చేను మేసిందని సరిపెట్టుకోవచ్చు. కానీ అలా మేసే కణాలు ఆరోగ్యవంతుల్లోనూ ఉంటాయి. టి కణాలు ఎదిగే థైమస్ గ్రంథి అలాంటి చాలావాటిని ఏరిపారేసినా కొన్ని తప్పించుకుంటాయి. వాటిని అణచి ఉంచేవి నియంత్రక టి కణాలు. 1995లో వీటిని గుర్తించిన షిమోన్ సకాగుచికి, 2001లో ఫాక్స్‌పి3 జన్యువు గుట్టు విప్పిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025లో వైద్య నోబెల్ దక్కింది. నియంత్రక కణాలకు ఆ జన్యువే ఆధారం. అది దెబ్బతిన్న మగశిశువుల్లో చాలామందికి నెలల వయసులోనే మధుమేహం వస్తుంది. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి?

మామూలు రోగుల్లో మాత్రం లెక్క ఇంత తేటగా తేలదు. చాలామంది రక్తంలో నియంత్రక కణాల సంఖ్య సరిగానే ఉంటుంది, పనితనమే తగ్గుతుంది. కొందరిలో దాడి చేసే కణాలు వాటికి లొంగవు. రోగి సొంత నియంత్రక కణాలను ప్రయోగశాలలో పెంచి తిరిగి ఎక్కించి చూసినా, పిల్లల్లో బీటా కణాల నష్టం ఆగకపోవడానికి బహుశా ఇదీ ఒక కారణం.

దాడిని మందగింపజేసే టెప్లిజుమాబ్ అనే మందుకు 2022 నవంబరులో అమెరికా అనుమతి వచ్చింది. అది వ్యాధిని సుమారు రెండేళ్లు వాయిదా వేస్తుంది. అయితే లక్షణాలు కనిపించకముందే, రక్తంలో ఆటోయాంటీబాడీలు (సొంత కణాలపైనే గురిపెట్టే యాంటీబాడీలు) తేలి, చక్కెరలో తేడా మొదలైన దశలోనే ఇవ్వాలి. నా పేచీ అక్కడే. గజపతి జిల్లాలో ఆ పరీక్ష రాసేదెవరు? షుగర్ ముదిరి వాంతులు, ఆయాసంతో ఉన్న పిల్లను తెస్తే ఈ మన్యంలో ముందు మలేరియానే అనుమానిస్తారు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, చిక్కిపోవడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం: వీటిలో ఏది కనిపించినా ఆశా కార్యకర్త వేలిచివర చుక్క రక్తంతో చక్కెర చూడగలగాలి. నోబెల్ విజ్ఞానం కంటే ముందు ఊరికి చేరాల్సింది గ్లూకోమీటరు పట్టీలు. ఆ తరువాత, ఇప్పటికే వ్యాధి ఉన్న పిల్లల తోబుట్టువులకు యాంటీబాడీ పరీక్ష బరంపురంలోనో శ్రీకాకుళంలోనో ఉచితంగా చేయాలి, ఒడిశా కార్డా ఆంధ్ర కార్డా అని అడగకుండా.