సువొషోవా: ఒకే వీధిలో ఆరు వేల మంది ఉంటారన్నది నిజమేనా?

సన్నని రోడ్డుకు ఇరువైపులా ఇళ్లు, వాటి వెనక రంగు రంగుల పట్టీల్లా పొలాలు కనిపించే ఒక ఫొటో కొన్నేళ్లుగా ఫోన్లలో తిరుగుతోంది. పోలండ్‌లోని సువొషోవా అనే ఈ ఊళ్లో 6,000 మంది ఒకే వీధిలో ఉంటారని దాని కింద రాస్తున్నారు. ప్రభుత్వమే ప్లాను గీసి ఇంటింటికీ సమానంగా పొలం పంచిందనీ, ప్రపంచంలో ఇలాంటి ఊరు మరొకటి లేదనీ కొందరు చేరుస్తున్నారు. ఫొటో నిజమైనదే. రాతను మాత్రం సరిచేయాలి.

ముందు జనాభా సంగతి. క్రాకోవ్ నగరానికి వాయవ్యంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న సువొషోవా పేరుతోనే ఒక గ్మీనా, అంటే మన మండలం లాంటి స్థానిక పాలన విభాగం ఉంది. ఆరు వేలకు దగ్గరగా వచ్చే అంకె ఈ గ్మీనా మొత్తానిది. అందులో వియెల్మోఝా, వోలా కలినోఫ్‌స్కా గ్రామాలు కూడా కలిసి ఉన్నాయి.

ఇక వీధి. ఫొటోలో కనిపించేది ఊరి మధ్యగా సాగే 773వ నంబరు ప్రాంతీయ రహదారి. ఇళ్లలో అధికభాగం దాని వెంటే ఉన్న మాట వాస్తవమే. కానీ గ్మీనా కార్యాలయం చిరునామాలో క్రాకోఫ్‌స్కా వీధి అనీ, అదే ఊరి పరిధిలోని కోట చిరునామాలో ఒయ్‌త్సోఫ్‌స్కా వీధి అనీ ఉంటుంది. అంటే ఊరంతా ఒకే వీధి కాదు.

ప్రభుత్వ ప్లాను అన్న మాటే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మధ్యయుగంలో అడవి కొట్టి వేసిన ఊళ్లలో ప్రతి కుటుంబానికీ బాట మీద ఇంటి స్థలం, దాని వెనక మెరక దాకా సాగే ఒక పొడవాటి భూమి పట్టీ ఇచ్చేవారు. సువొషోవా రూపం ఆ కోవకే చెందుతుంది. తరతరాల పంపకాల్లో అన్నదమ్ములు ఆ పట్టీని అడ్డంగా కోస్తే వెనకవాడికి దారి ఉండదు కనుక నిలువునా చీల్చుకుంటూ వచ్చారు, అందుకే పట్టీలు సన్నబడ్డాయి. పక్కపక్క పట్టీల మధ్య హద్దు ఒక గడ్డి గట్టే. పోలిష్ రైతులు దాన్ని మియెడ్జా అంటారు. వెడల్పు తక్కువ కాబట్టి దున్నేవారు ఈ చివర నుంచి ఆ చివరకు సాగిపోయి అక్కడే మళ్లాలి. కమ్యూనిస్టు ప్రభుత్వం పొలాలన్నిటినీ ఉమ్మడి సేద్యంలో కలపాలని చూసినా, 1956 తర్వాత పోలండ్‌లో ఆ సహకార క్షేత్రాలు చాలావరకు రద్దయి, భూమిలో అధికభాగం రైతుల సొంతంగానే నిలిచింది. ఈ చారలు చెరిగిపోకపోవడానికి అదొక ముఖ్య కారణం.

మరొకటి లేదన్నదీ తప్పే: పోలండ్‌ నైరుతిలోని సిలేసియాలో, జర్మనీలోని సాక్సనీలో ఇదే రకం ఊళ్లు ఎన్నో ఉన్నాయి.

రాతలో అసలు చోటు దక్కనిది ప్రోండ్నిక్ వాగు. అది ఈ ఊళ్లోనే పుట్టి సున్నపురాతి లోయలోకి దిగుతుంది. ఆ లోయ అంచున 14వ శతాబ్దంలో పోలండ్ రాజు మూడో కాజిమిర్ కట్టించి, 16వ శతాబ్దంలో షఫ్రానియెత్స్ వంశం తిరిగి తీర్చిదిద్దిన పియెస్కోవా స్కావా కోట ఉంది. దాని పక్కనే హెర్క్యులిస్ గద అని పిలిచే రాతి స్తంభం నిటారుగా నిలబడి ఉంటుంది.